అపార్థీడ్ కథల్లో ముందు ఏది చదవాలి?

అపార్థీడ్ అంటే దక్షిణాఫ్రికాలో తెల్ల ప్రభుత్వం చట్టాలు చేసి నడిపిన వర్ణవివక్ష. దాని మీద దక్షిణాఫ్రికా కథలు రెండున్నాయి. రెండింట్లోనూ ఒక సూట్ ఉంది.

మొదటిది కాన్ థెంబా రాసిన 'ద సూట్'. ఫిలెమన్ పొద్దున్నే లేచి, పడుకున్న భార్యకి మంచం దగ్గరికే టిఫిన్ తెచ్చిపెట్టి ఆఫీసుకి బయల్దేరతాడు. దారిలో ఒక పెద్దాయన చెవిన వేసిన మాట విని వెనక్కి తిరిగొస్తాడు. ఇంట్లో ఉన్న మగాడు కిటికీలోంచి దూకి పారిపోతాడు, అతని సూట్ మిగిలిపోతుంది. ఫిలెమన్ అరవడు, కొట్టడు. ఇకనుంచి ఈ సూట్ మనింటికొచ్చిన అతిథి, దీన్ని కుర్చీలో కూర్చోబెట్టి వడ్డించాలి అంటాడు. ఆదివారం దాన్ని మోసుకుంటూ భార్య మటిల్డా అతనితో వీధిలో నడవాలి. ఇంటికి చుట్టాలూ స్నేహితులూ వచ్చినప్పుడు కూడా ఆ సూట్‌కి మర్యాదలు చేయాలి. ఆ అవమానంలోనే ఆమె చచ్చిపోతుంది.

రెండోది నాడీన్ గోర్డిమర్ రాసిన 'సిక్స్ ఫీట్ ఆఫ్ ద కంట్రీ'. జొహానెస్‌బర్గ్‌కి పది మైళ్ళ అవతల పొలం కొనుక్కున్న తెల్ల దంపతులు. కథ చెప్పేది భర్త, ట్రావెల్ ఏజెన్సీ నడుపుతుంటాడు. వాళ్ళ పనివాడు పెట్రస్ తమ్ముడు రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) నుంచి కాగితాల్లేకుండా నడిచొచ్చి, జబ్బుచేసి, గుడిసెలో చచ్చిపోతాడు. అధికారులు శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి తీసుకెళ్ళి, చెప్పాపెట్టకుండా ఎక్కడో పూడ్చేస్తారు. శవం తిరిగి కావాలంటే ఇరవై పౌండ్లు. పెట్రస్ ఎలాగో పోగుచేసి తెచ్చి యజమాని చేతిలో పెడతాడు. శవపేటిక వస్తుంది. మోసుకెళ్తుంటే ముసలి తండ్రి ఆగిపోతాడు: నా కొడుకు ఇంత బరువుండడు. తెరిచి చూస్తే లోపల ఎవరో ఇంకో మనిషి. అసలు మనిషి ఎక్కడున్నాడో ఆఫీసుల్లో ఎవరూ చెప్పలేరు. చివరికి ఆ తండ్రికి దక్కిందేమిటంటే, యజమానురాలు ఇచ్చిన తన తండ్రి తాలూకు పాత సూట్.

ఎవరైనా "వర్ణవివక్ష మీద ఒక మంచి కథ చెప్పండి" అని అడిగితే నాకు ఈ రెండే ముందు గుర్తొస్తాయి. కానీ రెండింటినీ ఒకే మనిషికి ఒకేసారి ఇవ్వను. చట్టం అంటే ఏమిటో తెలియాలంటే గోర్డిమర్. చట్టం కనపడకుండా మనుషుల్లోకి ఎలా దిగుతుందో తెలియాలంటే థెంబా. మొదట ఏదంటే రెండోదే, అంటే గోర్డిమరే. ఆ వెంటనే మాత్రం ఇంకొకరిది చదవాలి, ఆ సంగతి కాసేపాగి చెబుతాను.

మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి కలిసి ఒక కథ చదువుకుంటాం. 'ద సూట్' చదివిన రోజు పెద్ద గొడవే అయింది. "ఇందులో వర్ణవివక్ష ఎక్కడుంది, పెళ్ళాన్ని హింసించిన మొగుడి కథేగా" అని ఒకాయన. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కథలో తెల్లవాడు దాదాపు కనపడడు. ఇంకొకావిడ, రోజంతా బయట ఎవరి కిందో తలొంచుకునే మనిషికి తన మాట చెల్లే చోటు ఇల్లొక్కటే కదా, అందుకే అంత పద్ధతిగా శిక్ష వేశాడు అంది. నాకు ఆవిడ మాటే సబబనిపించింది. కానీ ఆ దేశంలో మనిషి రోజు ఎలా గడిచేదో ముందే తెలియకపోతే ఆ ఆలోచన రాదు. అందుకే ఆ కథ మూడో వారానికో నాలుగో వారానికో పెట్టుకోండి అంటాను.

ఇంకో సంగతి. ఆ కథ జరిగేది జొహానెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్‌లో. నల్లవాళ్ళు సొంతంగా స్థలం కొనుక్కోగలిగిన కొద్ది పేటల్లో అదొకటి. 1955 ఫిబ్రవరి 9న పోలీసులొచ్చి ఇళ్ళు ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. తర్వాత అక్కడ తెల్లవాళ్ళకి ఇళ్ళు కట్టి, ఆ పేటకి 'ట్రయమ్ఫ్' అని పేరు పెట్టారు. విజయం అని అర్థం! 'ద సూట్' 1963లో అచ్చయింది. అంటే పాఠకుల చేతికొచ్చేనాటికి మటిల్డా సూట్ మోసుకుంటూ నడిచిన వీధే లేదు. ఇది తెలిశాక కథ మళ్ళీ చదివితే ఆదివారం నడక ఇంకోలా కనిపిస్తుంది.

కొంచెం సరంజామా

కథల్లోకి వెళ్ళేముందు నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, చరిత్ర పుస్తకం అక్కర్లేదు. 1948లో తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. 1950లో ప్రతి మనిషినీ జాతి పేరుతో రిజిస్టర్ చేసే చట్టం, ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో తేల్చే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాయి. 1953లో పార్కు బెంచీ నుంచి పోస్టాఫీసు కౌంటర్ దాకా వేరువేరుగా పెట్టడానికి ఒక చట్టం, నల్లపిల్లల చదువుని వేరే గాట కట్టడానికి ఇంకొకటి. తెల్లవాళ్ళకీ మిగతావాళ్ళకీ మధ్య పెళ్ళి నేరం, పడక కూడా నేరమే.

అన్నిటికంటే కథల్లో ఎక్కువగా తగిలేది పాస్. పాస్‌బుక్ అంటే మనకి పట్టాదారు పాస్‌బుక్కో బ్యాంకుదో గుర్తొస్తుంది, ఉంటే ధీమా. అక్కడ అది నల్లవాళ్ళ మెడకి కట్టిన పలుపు. ఏ ఊళ్ళో ఉండొచ్చు, ఎవరి దగ్గర పని, ఎన్నాళ్ళు, అన్నీ అందులో ఉండేవి. జేబులో లేకపోతే జైలు. జనం దాన్ని 'డోంపాస్' అనేవాళ్ళు, అంటే తెలివితక్కువ పాస్ అని. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్చి చంపిన 69 మంది ఈ పాస్‌లకి ఎదురు తిరిగి వచ్చినవాళ్ళే. పెట్రస్ తమ్ముడు జబ్బుపడితే యజమానికి ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. గోర్డిమర్ దాన్ని విడమర్చి చెప్పదు, యజమాని విసుగులోంచి మనమే తెలుసుకోవాలి.

తెల్ల గొంతు: గోర్డిమర్, పేటన్

నేను కథని ఎంచేది ఒక్క ప్రశ్నతో: ఇది ఎవరి నోటితో వస్తోంది? నోబెల్ వచ్చిందా, ఎంత మంది ఏడ్చారు అన్నవి తర్వాత.

గోర్డిమర్‌కి 1991లో నోబెల్ వచ్చింది కాబట్టి చాలామంది ఆమెతో మొదలుపెట్టి ఆమెతోనే ఆపేస్తారు. ఆపడం తప్పు. మొదలుపెట్టడం తప్పు కాదు, ఎందుకంటే ఆమె తెల్లవాళ్ళని మంచివాళ్ళుగా చూపించే తొందరలో లేదు. పొలం కథలో చెప్పే మనిషి క్రూరుడు కాడు. ఫోన్లు చేస్తాడు, ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. కానీ శవయాత్ర పొలం పక్కనుంచి పోతుంటే అతను గోల్ఫ్ కర్రతో ప్రాక్టీస్ చేసుకుంటుంటాడు. ఆపాలా కొనసాగించాలా అని ఇబ్బందిపడతాడు. ఆ ఒక్క చోటు కోసం ఆ కథ చదవొచ్చు. అతనికి దుఃఖం లేదు, మర్యాద తప్పిందేమో అన్న బెరుకు మాత్రమే ఉంది.

ఆమెదే 'ద ట్రెయిన్ ఫ్రమ్ రొడీషియా' ఇంకా చిన్నది. స్టేషన్లో ఆగిన రైలు, కిటికీ కింద చెక్కతో చెక్కిన సింహం అమ్మే ముసలాయన. మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు చెప్తాడు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడు రైలు కదిలేదాకా బేరం లాగి ఒకటిన్నర షిల్లింగుకి కొట్టేసి, గర్వంగా భార్య ఒళ్ళో పడేస్తాడు. ఆమెకి సిగ్గుతో ఒళ్ళు మండుతుంది. బేరం మన రక్తంలోనే ఉంది కాబట్టి ఈ కథ మనకి సులువుగా ఎక్కుతుంది, ఎక్కాక కాస్త నలుసులా గుచ్చుకుంటుంది కూడా. ఆదివారం బజార్లో కూరల దగ్గర ఐదు రూపాయల కోసం పట్టుబట్టినప్పుడు నాకు ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. వాక్యాలు మాత్రం పొడుగు. ఇంగ్లీషు కథలు చదివే అలవాటు లేనివాళ్ళకి మొదటి పేజీ టెన్షన్ పెడుతుంది, రెండోసారి చదివితే తెరుచుకుంటుంది.

అలన్ పేటన్ 'ఎ డ్రింక్ ఇన్ ద ప్యాసేజ్' దానికి ఎదురు. ఇంగ్లీషు తేలిక, కథ తిన్నగా నడుస్తుంది. నల్ల శిల్పి సిమెలేన్ చెక్కిన తల్లీబిడ్డ విగ్రహానికి బహుమతి వస్తుంది, నిబంధనల్లో 'తెల్లవాళ్ళకి మాత్రమే' అన్న మాట పొరపాటున వదిలేశారు కాబట్టి. ఒక రాత్రి ఆ విగ్రహాన్ని షాపు అద్దంలోంచి చూస్తున్న తెల్ల కుర్రాడు, పక్కన నిలబడిందే ఆ శిల్పి అని తెలియక, మాట కలిపి ఇంటికి మందుకి పిలుస్తాడు. తీరా ఫ్లాట్ గుమ్మం దాకా వచ్చాక లోపలికి రమ్మనలేడు. నడవాలోనే గ్లాసులు వస్తాయి, అక్కడే నిలబడి తాగుతారు. నల్లవాడికి అలా మందు పోయడం కూడా ఆ రోజుల్లో నేరమే. అందరూ మంచివాళ్ళే, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, కానీ గడప దాటరు.

ఈ రెండింట్లో నాకు గోర్డిమరే ఇష్టం. పేటన్ కథలో మంచితనం కాస్త ఎక్కువై, చదివేవాడికి కూడా ఓదార్పు దొరుకుతుంది. కాలేజీ పిల్లలకి క్లాసులో చెప్పాలంటే మాత్రం పేటన్‌నే తీసుకోండి. నడవాలో నిలబెట్టి మర్యాద చేయడం అంటే ఏమిటో వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

వంటింట్లోంచి: 'మిసెస్ ప్లమ్'

గోర్డిమర్ వెంటనే చదవాలన్నది దీన్నే. ఎజెకీల్ ఎంఫాలేలే రాశాడు, 1967లో వచ్చిన సంపుటంలో ఉంది. పెద్ద కథ, ఒక్క కూర్చోడంలో అవ్వదు. చెప్పేది కరాబో, తెల్లవాళ్ళింట్లో వంటమనిషి. మొదటి వాక్యాల్లోనే తన యజమానురాలి సంగతి తేల్చేస్తుంది: ఆవిడకి కుక్కలంటే ఇష్టం, ఆఫ్రికన్లంటే ఇష్టం, చట్టాన్ని అందరూ పాటించాలంటుంది. ఆ వరస చూడండి. ముందు కుక్కలు. వాటిలో ఒకదాని పేరు మలాన్. 1948లో అధికారంలోకొచ్చిన ప్రధానమంత్రి పేరు కూడా అదే.

మిసెస్ ప్లమ్ చెడ్డదేమీ కాదు. కరాబోని తమతో పాటు బల్ల దగ్గర కూర్చుని తినమంటుంది. కరాబోకి అది నచ్చదు, ముద్ద దిగదు. పాస్‌ల తనిఖీకి పోలీసులు ఇంట్లోకి వస్తే ఆవిడ నీళ్ళ పైపు తీసుకుని వాళ్ళని తడిపేస్తుంది, జరిమానా కట్టనని జైలుకి కూడా వెళ్తుంది. కానీ కరాబో మేనమామ చనిపోయినప్పుడు సెలవు దగ్గరికొచ్చేసరికి లెక్కలు తీస్తుంది. కూతురు నల్ల డాక్టర్ని పెళ్ళి చేసుకుంటానంటే నిలువునా కుంగిపోతుంది. వీటన్నిటినీ కరాబో గిన్నెలు తోముకుంటూ గమనిస్తుంటుంది. సెలవు రోజున పనమ్మాయిల క్లబ్బుకి వెళ్తుంది. అక్కడ పాఠం చెప్పేది లిలియన్ ఎంగోయి, నిజంగా ఉన్న మనిషి. 1956 ఆగస్టు 9న పాస్‌లకి వ్యతిరేకంగా ఇరవై వేలమంది ఆడవాళ్ళు ప్రిటోరియాకి నడిచినప్పుడు ముందున్నవాళ్ళలో ఒకావిడ. కథలోకి ఆవిడని తీసుకురావడం ఎంఫాలేలే తెగువ.

చివర్లో పని మానేసి సొంతూరు వెళ్ళిపోయిన కరాబోని వెతుక్కుంటూ మిసెస్ ప్లమ్ కారేసుకుని వస్తుంది. కరాబో జీతం పెంచమంటుంది, సెలవులు అడుగుతుంది, బేరం తెగుతుంది. ఆ తర్వాత ఆవిడ, కుక్కలు పోయాయని చెప్తుంది. కరాబోకి ఒక అనుమానం వస్తుంది: కుక్కలు పోయాయి కాబట్టేనా ఈవిడ నా కోసం వచ్చింది?

గోర్డిమర్ కథలో పెట్రస్ ఏమనుకుంటున్నాడో మనకి ఎప్పటికీ తెలియదు. అది ఆమె లోపం కాదు, ఆ యజమానికి తెలియదు కాబట్టి మనకీ తెలియదు. ఎంఫాలేలే అదే ఇంటిని వంటింటి గుమ్మంలోంచి చూపిస్తాడు. రెండూ వెంటవెంటనే చదివితే ఒకే గదిని రెండు తలుపుల్లోంచి చూసినట్టుంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పనమ్మాయికి వేరే లిఫ్ట్ సంగతి తెలిసినవాళ్ళకి రెండో తలుపు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఒకే ఒక్క కథ చదివే ఓపిక ఉంటే, నిడివి ఎక్కువైనా ఇదే చదవమంటాను.

లా గూమా కావాలా, ఎన్‌దెబెలె కావాలా

ఇది అసలైన తగాదా, పుస్తకాల షాపులో తేలేది కాదు.

అలెక్స్ లా గూమా కేప్‌టౌన్ మనిషి, అక్కడి డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటలో పుట్టాడు. 1956 రాజద్రోహం కేసులో పట్టుకున్న 156 మందిలో ఒకడు. గృహనిర్బంధం, నిషేధం, తర్వాత ప్రవాసం. హవానాలో 1985లో పోయాడు. కథలు మాత్రం నినాదాల్లా ఉండవు. 'ద లెమన్ ఆర్చర్డ్' చూడండి. చలి రాత్రి, లాంతరు వెలుగు, కొందరు తెల్లవాళ్ళు ఒక కలర్డ్ (మిశ్రమ సంతతి అని ప్రభుత్వం ముద్ర వేసిన) టీచర్ని నిమ్మతోటలోంచి నడిపించుకెళ్తుంటారు. అతని నేరం, తనని కొట్టిన పెద్దమనుషుల మీద కోర్టుకి వెళ్ళడం. అతను 'బాస్' అని పిలవడానికి ఒప్పుకోడు. తోటంతా నిమ్మ వాసన. చెట్ల మధ్య ఖాళీ చోటికి వస్తారు, కథ అక్కడ ఆగిపోతుంది. దెబ్బ ఒక్కటి కూడా పడదు. నాలుగైదు పేజీలు. చదివాక కాసేపు నిమ్మకాయ కోయబుద్ధి కాలేదు నాకు.

'కాఫీ ఫర్ ద రోడ్'లో ఒక భారతీయ ఇల్లాలు ఇద్దరు పిల్లలతో జొహానెస్‌బర్గ్ నుంచి కేప్‌టౌన్‌కి కారు నడుపుకుంటూ పోతుంది. దారిలో వీళ్ళకి గది ఇచ్చే హోటల్ లేదు కాబట్టి రాత్రంతా నడపాలి. పిల్లలు అలిసిపోయారు. ఒక చిన్న ఊళ్ళో కాఫీ కోసం ఫ్లాస్కు పట్టుకుని దిగితే, తెల్లవాళ్ళు కానివాళ్ళకి కొట్టు గోడలో ఒక కన్నం ఉంటుంది, అక్కడికి పొమ్మంటారు. ఆమె లోపలికే వెళ్తుంది. కౌంటర్ దగ్గరున్న ఆవిడ 'కూలీ' అని తిడితే చేతిలో ఫ్లాస్కు ఆవిడ మొహాన విసురుతుంది. తర్వాత రోడ్డు మీద పోలీసులు ఆపుతారు. గోడలో కన్నం అనగానే మన పల్లెటూరి టీకొట్ల రెండు గ్లాసుల పద్ధతి గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. కాకపోతే రెండూ ఒకటే అని అక్కడితో ఆగిపోకండి. అక్కడ కన్నం వెనక పార్లమెంటు చేసిన చట్టం ఉంది. మన దగ్గర రాజ్యాంగం వద్దన్నా గ్లాసు వేరేగానే ఉంది. ఏది ఎక్కువ కష్టం అని పోటీ పెట్టుకునే బదులు, ఏది ఎలా నిలబడిందో చూస్తే మంచిది.

ఎన్‌జబులో ఎన్‌దెబెలె సరిగ్గా ఈ కాఫీ కథనే పట్టుకుని విమర్శించాడు. 1984లో చేసిన ఒక ప్రసంగంలో, మన కథలన్నీ ఒక ప్రదర్శనలా తయారయ్యాయి, కొట్టేవాడూ దెబ్బతినేవాడూ తప్ప మనుషులు కనపడరు, మామూలు జీవితాన్ని మళ్ళీ వెతుక్కోవాలి అన్న వాదం పెట్టాడు. తన కథల్లో అదే చేశాడు. 'ద ప్రొఫెటెస్'లో ఒక కుర్రాడు జబ్బుగా ఉన్న తల్లి కోసం పేటలోని ప్రవక్త లాంటి ఆవిడ దగ్గర మంత్రించిన నీళ్ళు తెస్తుంటాడు. దారిలో సీసా పగిలిపోతుంది. ఇంకో సీసా దొరకబుచ్చుకుని కొళాయి నీళ్ళు నింపి ఇంటికి తీసుకెళ్తాడు. తల్లి తాగుతుంది, ప్రాణం తేలికపడిందంటుంది. అంతే. పోలీసు లేడు, బోర్డు లేదు, తెల్లవాడు లేడు. అక్కడ కూడా పిల్లలు అబద్ధాలాడారు, అమ్మలు నమ్మారు.

నేనెవరి పక్షం? ఎన్‌దెబెలె మాట నిజమే, కానీ కాఫీ కథకి ఆ తిట్టు తగదు. ఆ కథలో నాకు మిగిలింది ఫ్లాస్కు దెబ్బ కాదు, వెనక సీట్లో ఉన్న పిల్లలు. అమ్మ ఎందుకు కోప్పడిందో వాళ్ళకి పూర్తిగా తెలియదు, కాఫీ ఇంకా రాలేదని మాత్రం తెలుసు. కోపంతో చదవాలనుకున్న రోజు లా గూమాని తీయండి. వరుసగా నాలుగు లా గూమాలు చదివి ఆ మనుషులు మీకు బాధితుల్లాగే కనిపించడం మొదలైతే, అప్పుడు ఎన్‌దెబెలె దగ్గరికి వెళ్ళండి. ముందే వెళ్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది.

మనవాళ్ళు ఎక్కడ

తెలుగువాళ్ళకి ఈ కథలతో నిజమైన చుట్టరికం ఒకటుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అప్పట్నించి 1911 దాకా చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద లక్షన్నర మందికి పైగా వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్‌లో నాయుడూ, రెడ్డీ ఇప్పటికీ మామూలు పేర్లే. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద కేటో మేనర్ లాంటి చోట్ల నుంచి లేపి చాట్స్‌వర్త్‌కి తోలినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

కానీ భారతీయుల గురించి నేను ఎంచే కథ డర్బన్‌ది కాదు, జొహానెస్‌బర్గ్‌లోని ఫోర్డ్స్‌బర్గ్‌ది. అహ్మద్ ఎసోప్ గుజరాత్‌లో పుట్టి జొహానెస్‌బర్గ్‌లో పెరిగాడు. 1978లో వచ్చిన సంపుటానికి పేరిచ్చిన కథ 'ద హాజీ'. హాజీ హసన్ తమ్ముడు కరీం తెల్లగా ఉంటాడు కాబట్టి తెల్లవాడినని చెప్పుకుని, తెల్లావిడతో, తెల్లవాళ్ళుండే హిల్‌బ్రోలో కాపురం పెట్టి ఇంటితో తెగతెంపులు చేసుకుంటాడు. పదేళ్ళు గడిచాక చావుబతుకుల్లో, నావాళ్ళ మధ్య పోవాలని ఉంది అని కబురు పంపుతాడు. హాజీ ఒప్పుకోడు. అందరూ వచ్చి బతిమాలతారు. ఒప్పుకోడు.

ఇక్కడ చట్టం గోడ కట్టింది, అన్నదమ్ములు దానికి తలుపు లేకుండా చేసుకున్నారు. పొరుగు కులంవాళ్ళని చేసుకున్నందుకు ఇంటి పిల్లని చచ్చిందనుకున్న కుటుంబాలు మనకి తెలియనివి కావు, ఆ పరువు భాష ఈ కథలో అచ్చంగా వినిపిస్తుంది. ఇప్పటికి నేను చెప్పిన కథల్లో తెలుగులోకి తేవడానికి అన్నిటికంటే అనువైనది ఇదే. సంభాషణలు దాదాపు వాటంతట అవే వచ్చేస్తాయి.

అనువాదం అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. 'కలర్డ్' అన్న మాటని మిశ్రమజాతి అనో రంగువాళ్ళు అనో మార్చకండి. అది ప్రభుత్వం కాగితం మీద వేసిన ముద్ర, అలాగే ఉంచి ఒక వాక్యంలో వివరించడం మేలు. 'బాస్' ఇంకా చిక్కు. మన ఆఫీసుల్లో ఆ మాటకి ఇప్పుడు ఎగతాళి, చనువు రెండూ ఉన్నాయి. లా గూమా టీచర్ అనడానికి నిరాకరించిన 'బాస్' అది కాదు, అది 'దొర'. నేనైతే దొర అనే రాస్తాను.

మిగతావి, త్వరత్వరగా

రిచర్డ్ రైవ్ 'ద బెంచ్': ఉపన్యాసం విన్న పల్లెటూరి కుర్రాడు తెల్లవాళ్ళ బెంచీ మీద కూర్చుంటాడు. స్కూలు పిల్లలకి బావుంటుంది, పెద్దవాళ్ళకి పాఠంలా అనిపిస్తుంది. బెస్సీ హెడ్ 'ద ప్రిజనర్ హూ వోర్ గ్లాసెస్': కళ్ళజోడు పెట్టుకున్న బక్కపలచని రాజకీయ ఖైదీ, ఎరువు బస్తాలు దొంగిలిస్తూ దొరికిన వార్డర్‌ని మెల్లగా దారిలోకి తెచ్చుకుంటాడు. ఈ పట్టిక మొత్తంలో నవ్వు తెప్పించేది ఇదొక్కటే, వరసగా చదివి మనసు బరువెక్కినప్పుడు మధ్యలో వేసుకోవాల్సింది. మిరియం ట్లాలి 'ఫుదూవా' జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ళ పేట సొవెటో లోకల్ రైళ్ళలో, ఊపిరాడని రద్దీలో, ఆడవాళ్ళ ఒంటిమీద పడే చేతుల గురించి. అది నల్లవాళ్ళ పెట్టె, చేతులు కూడా అక్కడివే. సిటీ బస్సెక్కే ప్రతి ఆడమనిషికీ అర్థమవుతుంది, మగవాళ్ళు కూడా చదవాలి. మత్షోబా 'కాల్ మీ నాట్ ఎ మ్యాన్' సూటిగా ముక్కుమీద గుద్దినట్టుంటుంది. వలస కూలీల్ని స్టేషన్ దగ్గర ఆపి జేబులు ఖాళీ చేసే పోలీసుల కథ. 1979లో పుస్తకం రాగానే నిషేధించారు. శైలి కోసమైతే వద్దు, ఆనాటి వేడి కావాలంటే ఇదే.

పరీక్ష కోసం చదివేవాళ్ళు గోర్డిమర్, లా గూమా, ఎన్‌దెబెలె ముగ్గుర్నీ కలిపి చదవండి, తగాదా దొరికితే సమాధానం అదే వస్తుంది. ఒక్క సాయంత్రమే ఉంటే 'ద లెమన్ ఆర్చర్డ్', 'ద ప్రొఫెటెస్'. వారాంతం ఉంటే పొలం కథ, 'మిసెస్ ప్లమ్'. మన ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టి చదివించాలంటే 'ద హాజీ', గొడవ గ్యారంటీ.

ఇంగ్లీషు రానివాళ్ళకి నోటితో చెప్పాలంటే మాత్రం శవపేటిక కథ. మా అమ్మకి అలాగే చెప్పాను, పప్పు చెరుగుతూ వింది. నా కొడుకు ఇంత బరువుండడు అన్న చోట చేట కింద పెట్టేసింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది, "ఆ ఇరవై పౌండ్లన్నా తిరిగిచ్చారా?"

"లేదమ్మా, ఒక పాత సూట్ ఇచ్చారు."